పాత మోటర్‌హోమ్‌కు పోర్టబుల్ జనరేటర్ అమర్చడం: సమగ్ర మార్గదర్శి

పాత మోటర్‌హోమ్‌లో, అంటే వంటిల్లూ పడకా ఉన్న ప్రయాణపు బండిలో, ఫ్యాక్టరీ బిగించిన జనరేటర్ ఏదో ఒక రోజు మూలపడుతుంది. విడిభాగాలు దొరకవు. దొరికినా ఆ ఖర్చు బండి విలువతో పోటీ పడుతుంది. అప్పుడు చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: పాతది పీకేసి, ఖాళీ అయిన అరలో చిన్న పోర్టబుల్ జనరేటర్ పెట్టేస్తే సరిపోదా?

పెట్టుకోవచ్చు. కానీ అక్కడ ఉంచి నడపకూడదు. బండిలో శాశ్వతంగా అమర్చాల్సినవి రెండే: జనరేటర్ ప్రయాణంలో కూర్చునే చోటు, దాని కరెంటు బండిలోకి వచ్చే దారి. అది నడిచే చోటు మాత్రం ఎప్పుడూ బయట, నేల మీద, బండికి దూరంగా. కింద చెప్పే పనులన్నీ ఈ నిర్ణయం మీద ఆధారపడినవే కాబట్టి, ముందు దానికి కారణం చూద్దాం.

అరలో ఉంచి ఎందుకు నడపకూడదు

ఫ్యాక్టరీ జనరేటర్‌ను మూసిన అరలో పనిచేసేలాగే తయారు చేస్తారు. చల్లగాలి ఒక దారిలో లోపలికి వస్తుంది, వేడి కిందికి పోతుంది, పొగ గొట్టం బండి అంచు దాటి బయటికి తెరుచుకుంటుంది. పెట్రోల్ బండి ట్యాంకు నుంచి పైపులో వస్తుంది. పోర్టబుల్ జనరేటర్ తీరు వేరు. ఒక వైపు నుంచి గాలి పీల్చి, సైలెన్సర్ ఉన్న వైపు వేడిగాలినీ పొగనూ వదులుతుంది. మూసిన అరలో ఆ వేడిగాలే తిరిగి ఇంజిన్‌లోకి వస్తుంది. దానికి తోడు పెట్రోల్ ట్యాంకు ఇంజిన్ నెత్తి మీదే ఉంటుంది. అర వేడెక్కే కొద్దీ ఆ పెట్రోల్ ఆవిరవుతుంది.

పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. పైకి లేచి చెదిరిపోకుండా అర అడుగున, నేల వెంట పాకుతుంది. పాత బండ్లలో ఫ్రిజ్, గీజర్, రూమ్ హీటర్ చాలావరకు గ్యాస్ మంట మీదే నడుస్తాయి. వాటి గాలి కిటికీలు తరచూ జనరేటర్ అర ఉన్న గోడకే ఉంటాయి. ఈ రెండూ పక్కపక్కన ఉంటే ఏం జరగవచ్చో వేరే చెప్పక్కర్లేదు.

‘అరకు ఫ్యాను పెట్టాం, సైలెన్సర్‌కు గొట్టం తగిలించి బయటికి తీశాం, ఏమీ కాలేదు’ అనేవాళ్లు ఉంటారు. ఫ్యాను ఆగిపోతే జనరేటర్ ఆగదు. ప్రయాణపు అదురుకు గొట్టం అతుకు వదిలితే ఆ సంగతి ఎవరికీ తెలియదు. చాలా కంపెనీల మాన్యువల్స్‌లో నడిచేటప్పుడు చుట్టూ కనీసం 1 మీటరు ఖాళీ ఉండాలని, ఏ పెట్టెలోనూ మూయకూడదని స్పష్టంగా ఉంటుంది. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు వద్దని నా గట్టి అభిప్రాయం. బండి నడుస్తుండగా ఏసీ కోసం దాన్ని వెనక ప్లాట్‌ఫారం మీద ఆన్ చేసి ఉంచడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

1. ఎన్ని వాట్లు కావాలి, ఎన్ని కిలోలు ఎత్తగలరు

ముందుగా బండి ఏ కరెంటుకు తయారైందో చూసుకోండి. అమెరికా తయారీ బండ్లు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసినవి. సాధారణంగా 30 ఆంపియర్ల కనెక్షన్, అంటే గరిష్ఠంగా 3,600 వాట్లు. యూరప్ బండ్లకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 16 ఆంపియర్లు, అంటే దాదాపు 3,680 వాట్లు. దిగుమతి చేసుకున్న పాత బండిలో ఈ తేడా మర్చిపోతే ఏసీ, మైక్రోవేవ్, ఛార్జర్ మొదటి రోజే కాలిపోతాయి. జనరేటర్ బండికి సరిపోయేదే కొనాలి.

తర్వాత లోడు లెక్క. 13,500 బీటీయూల (బీటీయూ అంటే ఏసీ చల్లబరిచే శక్తికి కొలత) రూఫ్ ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 1,300 నుంచి 1,700 వాట్లు తీసుకుంటుంది. కంప్రెసర్ అందుకునే ఆ ఒక్క క్షణంలో మాత్రం అంతకు రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతుంది. 1,000 వాట్ల మైక్రోవేవ్ అంటే అది వంటకు ఇచ్చే శక్తి. తీసుకునేది 1,500 వాట్ల దాకా ఉంటుంది. గీజర్‌లో కరెంటు ఎలిమెంట్ ఉంటే దాదాపు 1,400 వాట్లు. గ్యాస్ ఫ్రిజ్‌ను కరెంటు మీద నడిపితే 300 నుంచి 400 వాట్లు. లైట్లు, ఫోన్లు, నీటి పంపు లెక్కలోకి రావు. బ్యాటరీలు బాగా దిగిపోయినప్పుడు పాత ఛార్జర్ ఒక్కటే 600 వాట్లకు పైగా లాగవచ్చు. చాలామంది దీన్ని లెక్కలో వదిలేసి, ‘ఏసీ ఒక్కటే వేశాను, ఎందుకు ట్రిప్ అయింది’ అని తల పట్టుకుంటారు.

జనరేటర్ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కొద్దిసేపు మాత్రమే ఇవ్వగల గరిష్ఠ శక్తి. 2,200 వాట్లని రాసినది గంటల తరబడి ఇచ్చేది 1,800 వాట్లే కావచ్చు. ఎత్తు పెరిగే కొద్దీ అదీ తగ్గుతుంది. ప్రతి 300 మీటర్లకు సుమారు 3.5 శాతం. అంటే 2,000 మీటర్ల ఎత్తున్న కొండ మీద 1,800 కాస్తా 1,380 అవుతుంది. కింద హాయిగా నడిచిన ఏసీ పైన మొరాయించడానికి కారణం ఇదే.

ఇప్పుడు బరువు. 2,000 వాట్ల తరగతి ఇన్వర్టర్ జనరేటర్ (లోడును బట్టి ఇంజిన్ వేగం మార్చుకునే, మోత తక్కువ ఉండే రకం) 20 నుంచి 25 కిలోలు ఉంటుంది. 3,000 నుంచి 3,500 వాట్లది 40 నుంచి 60 కిలోలు. దించి దూరంగా పెట్టి నడపాలంటే ఈ తేడా చాలా పెద్దది. బరువైన జనరేటర్ కొన్నవాళ్లు మొదట్లో ఓపికగా దించుతారు. రెండో వారానికి నడుం పట్టేసి, అరలోంచి సగం బయటికి లాగి అక్కడే స్టార్ట్ చేస్తారు. అందుకే ఒక్కటి పెద్దది కొనే బదులు, సమాంతరంగా కలిపి వాడగల చిన్నవి రెండు కొనడం మేలని నేనంటాను. ఏసీ అక్కర్లేని కాలంలో ఒకటే తీసుకెళ్లవచ్చు. ఒకే చిన్నదానితో ఏసీ నడపాలనుకుంటే ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ పెట్టించండి. కంప్రెసర్ మొదటి లాగుడు బాగా తగ్గుతుంది. ఏది కొన్నా ఇన్వర్టర్ రకమే కొనండి. గొట్టాల ఫ్రేము మధ్య తెరిచి ఉండే నిర్మాణ పనుల జనరేటర్లు చవకే, కానీ ఆ మోతకు పక్క బండివాళ్లు మీతో మాట్లాడటం మానేస్తారు.

2. ముందు బండిని పరీక్షించండి

పాత జనరేటర్ తీసేసిన అరలో మూడు తోకలు మిగిలి ఉంటాయి: పెట్రోల్ పైపు, కరెంటు వైరు, 12 వోల్టుల స్టార్టర్ కేబుల్.

పెట్రోల్ పైపును అరలో మడిచి క్లిప్ వేసి వదిలేయకండి. ట్యాంకు దగ్గరే విప్పించి మూత బిగించాలి. పాత రబ్బరు పైపులు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు మెత్తబడి పగులుతాయి. ఆ పైపును పోర్టబుల్ జనరేటర్‌కు కలిపేద్దామనే ఆలోచన కూడా వద్దు. దాని కార్బురేటర్ చిన్న ట్యాంకు నుంచి వచ్చే పెట్రోల్‌కు తగినట్టు చేసినది. పంపు ఒత్తిడి తగిలితే పొంగుతుంది. స్టార్టర్ కేబుల్ ఇంకా బ్యాటరీకి కలిసే ఉంటుంది, ఫ్యూజు కూడా లేకుండా. బ్యాటరీ చివర విప్పి తీసేయండి. కరెంటు వైరు సంగతి తర్వాత చూద్దాం. ప్రస్తుతానికి దాని చివరలకు టోపీలు బిగించండి.

అర నేల ప్లైవుడ్ అయితే స్క్రూడ్రైవర్‌తో నాలుగు మూలలా గుచ్చి చూడండి. మెత్తగా దిగితే పుచ్చిపోయినట్టే, దాని మీద ఏదీ బిగించకూడదు. రేకు అయితే తుప్పు గీకి గట్టిదనం చూడండి. అర నుంచి నివాస భాగంలోకి వెళ్లే ప్రతి రంధ్రం వెతకాలి. దీనికి తేలికైన ఉపాయం ఉంది: చీకటి పడ్డాక అరలో గట్టి టార్చి వెలిగించి, లోపల లైట్లన్నీ ఆర్పి మంచాల కింద, సింకు కింద, అలమరల్లో చూడండి. ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడి నుంచి పొగ, పెట్రోల్ ఆవిరి వస్తాయి. పాత పైపులు తీసేసిన రంధ్రాలను రేకు ముక్క వేసి, మంటను తట్టుకునే సీలెంట్‌తో మూయాలి. ఒట్టి ఫోమ్ నింపి వదిలేస్తే సరిపోదు. ఇదే టార్చి పరీక్ష బండి అడుగు నుంచి కూడా చేయండి.

3. ప్రయాణంలో ఎక్కడ ఉంచాలి

పాత జనరేటర్ అరే అన్నిటికంటే మంచి చోటు. దాన్ని బరువు మోయడానికే కట్టారు, ఛాసిస్‌కు దగ్గరగా ఉంటుంది, వానా దుమ్మూ తక్కువ. అర లేని బండిలో మిగిలేది వెనక ప్లాట్‌ఫారం. అక్కడ లెక్క వేయకుండా దిగకండి.

వెనక చక్రాలు దాటి వేలాడే బరువు తాసులో ఒక పక్క వేసినట్టు పనిచేస్తుంది. ముందు, వెనక చక్రాల మధ్య 4 మీటర్లున్న బండిని తీసుకోండి. వెనక ఇరుసుకు 2.5 మీటర్ల వెనక, ప్లాట్‌ఫారంతో కలిపి 80 కిలోలు పెట్టారు. వెనక ఇరుసు మీద పెరిగేది 80 కాదు, 130 కిలోలు. మిగతా 50 కిలోలు ముందు చక్రాల మీద తగ్గుతాయి. పాత మోటర్‌హోమ్‌లలో వెనక ఇరుసు ఎలాగూ పరిమితికి దగ్గరగా ఉంటుంది. సామాను, నీళ్లు, మనుషులతో సహా బండిని కాటా మీద ఒక్కో ఇరుసూ విడిగా తూయించి, బండి ప్లేటు మీద రాసిన పరిమితితో పోల్చుకోండి.

చాలా అమెరికా బండ్లలో వెనక బంపర్ పలచటి చదరపు గొట్టం. డ్రైనేజీ పైపు దాచుకోవడానికి చేసింది, మోయడానికి కాదు. ప్లాట్‌ఫారం ఛాసిస్ పట్టీలకే బిగించాలి. బండి సైలెన్సర్ వేడిగాలి జనరేటర్‌కు తగలకూడదు. వెనక లైట్లు, నంబర్ ప్లేటు కనిపించాలి.

నివాస భాగంలో, సీటు కింద, మంచం కింద ఉంచడం మాత్రం కుదరదు. ట్యాంకు ఖాళీ చేసినా కార్బురేటర్‌లో పెట్రోల్ ఉంటుంది, వాసన కూడా వస్తుంది.

4. అరలో జారుడు ట్రే

పుచ్చిన ప్లైవుడ్ తీసేసి, అరకు అడ్డంగా రెండు ఇనుప యాంగిళ్లు వేయండి. వాటిని ఛాసిస్‌కు లేదా అర ఇనుప చట్రానికి బోల్టులతో బిగించాలి. వీలైనంత వరకు ఛాసిస్‌లో ఉన్న రంధ్రాలే వాడండి. కొత్తవి తప్పనిసరైతే పట్టీ నిలువు ముఖంలో వేయాలి గానీ పై అంచులో, కింది అంచులో కాదు. బరువు వల్ల వచ్చే లాగుడు, ఒత్తిడి ఆ అంచుల మీదే పడతాయి. 8.8 గ్రేడ్ బోల్టులు, వెడల్పాటి వాషర్లు, నైలాన్ లాక్ నట్లు వాడండి. వెల్డింగ్ చేయించాల్సి వస్తే ముందు బ్యాటరీలన్నీ విప్పాలి, పెట్రోల్ ట్యాంకు ఎంత దూరంలో ఉందో వెల్డర్‌కు చెప్పాలి.

యాంగిళ్ల మీద రేకు నేల, దాని మీద స్లైడ్లు, స్లైడ్ల మీద ట్రే. స్లైడ్ల సామర్థ్యం జనరేటర్ బరువుకు కనీసం రెండింతలు ఉండాలి, ఎందుకంటే పూర్తిగా బయటికి లాగినప్పుడు వాటి మీద పడే శ్రమ వేరు. లోపల ఉన్నప్పుడూ బయటికి లాగినప్పుడూ రెండు చోట్లా తాళం పడే రకమే తీసుకోండి. తలుపు గొళ్లెం ఒక్కటే నమ్ముకుంటే ఏదో ఒక మలుపులో ట్రే తలుపును తన్నుకుని బయటికి వస్తుంది.

ట్రే చుట్టూ 4 లేదా 5 సెంటీమీటర్ల అంచు ఉండాలి. జనరేటర్ తన రబ్బరు కాళ్ల మీదే కూర్చోవాలి. కాళ్లు పీకేసి బోల్టు చేయకండి. రెండు రాచెట్ బెల్టులు అడ్డంగా వేసి, కొక్కేలను ట్రే అంచుకు తగిలించండి. పైన పట్టుకునే ప్లాస్టిక్ హ్యాండిల్‌కు బెల్టు కడితే అది విరుగుతుంది. దొంగల భయం ఉంటే ఛాసిస్‌కు వేసిన గొలుసును జనరేటర్ ఫ్రేము చుట్టూ తిప్పండి.

అర గోడలకు లోపల పలచటి జీఐ షీట్ వేయించి, అతుకులన్నీ సీల్ చేయండి. అడుగున మాత్రం బయటికి తెరిచి ఉండే రంధ్రాలు తప్పనిసరి. ఆవిరి బరువుగా ఉంటుంది కాబట్టి దానికి కింద దారి కావాలి. పాత జనరేటర్ కోసం పెట్టిన గాలి జాలీలను మూయకండి. ఈ అరలో స్విచ్చులు, బ్యాటరీ, ఇన్వర్టర్, నిప్పురవ్వ పుట్టే ఇంకేదైనా ఉంటే వేరే చోటికి మార్చాలి.

5. కరెంటు దారి

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. నాకు మొదటిదే ఇష్టం.

మొదటి పద్ధతిలో కొత్త వైరింగే ఉండదు. క్యాంపు స్థలంలో స్తంభానికి తగిలించే మెయిన్ కేబుల్‌నే జనరేటర్‌కు తగిలిస్తారు. కేబుల్ ఒక్కటే కాబట్టి స్తంభం కరెంటు, జనరేటర్ కరెంటు ఎదురెదురు కొట్టుకునే అవకాశమే లేదు. 30 ఆంపియర్ల ప్లగ్గుకు జనరేటర్ మీద సాకెట్ లేకపోతే అడాప్టర్ కావాలి. అడాప్టర్ జనరేటర్ బలాన్ని పెంచదు, రూపం మారుస్తుందంతే. 50 ఆంపియర్ల అమెరికా బండిలో అడాప్టర్ రెండు ఫేజులకూ ఒకే 120 వోల్టులు ఇస్తుంది. 240 వోల్టుల పరికరం ఏదైనా ఉంటే అది పనిచేయదు.

పాత కేబుల్ ప్లగ్గును బాగా చూడండి. పిన్నులు నల్లబడ్డా, ప్లాస్టిక్ కరిగినట్టున్నా మార్చేయాలి. జనరేటర్ కనీసం 6 మీటర్లు దూరంగా ఉండాలి కాబట్టి అంత పొడవు కేబుల్ అవసరం. 230 వోల్టులు, 16 ఆంపియర్లకు 25 మీటర్ల వరకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతుంది. 120 వోల్టులు, 30 ఆంపియర్లకు 10 గేజ్, అంటే 5 చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు. డ్రమ్ముకు చుట్టిన కేబుల్‌ను పూర్తిగా విప్పే వాడండి. చుట్ట మీదే లోడు వేస్తే లోపలి పొరలు కరిగిపోతాయి.

రెండో పద్ధతి, బండిలో ఇప్పటికే చేంజోవర్ స్విచ్ (స్తంభం కరెంటు, జనరేటర్ కరెంటు రెండింట్లో ఒక్కదాన్నే బండికి కలిపేది) ఉన్నప్పుడు పనికొస్తుంది. పాత జనరేటర్ నుంచి ఆ స్విచ్‌కు వెళ్లిన వైరు అరలో మిగిలి ఉంది కదా, దాని చివర బండి గోడకు మూత ఉన్న మగ పిన్నుల ఇన్లెట్ బిగిస్తారు. జనరేటర్ నుంచి మామూలు కేబుల్ తెచ్చి దానికి తగిలిస్తే చాలు. అయితే కొన్ని నియమాలున్నాయి. చేంజోవర్ ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ మార్చే రకమై ఉండాలి. బండికి స్తంభం కరెంటు ఇచ్చి, ఇన్లెట్ పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే సున్నా చూపించాలి. ఏమాత్రం వోల్టేజీ కనిపించినా పని అక్కడికక్కడే ఆపేయండి, ముట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. ఇంకో సంగతి, పాత జనరేటర్ బ్రేకర్ చాలా సార్లు ఆ యంత్రం మీదే ఉంటుంది, దాంతోనే పోయి ఉంటుంది. ఆ వైరు మందానికి తగిన బ్రేకర్ ఈ దారిలో ఎక్కడో ఒక చోట ఉండాలి.

రెండు చివర్లా మగ ప్లగ్గులున్న కేబుల్ చేసి బండి లోపలి సాకెట్‌లోకి కరెంటు ఎక్కించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఒక చివర తగిలించగానే రెండో చివర పిన్నుల్లో కరెంటు బయటికి తెరిచి ఉంటుంది.

6. న్యూట్రల్, ఎర్త్ గొడవ

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

న్యూట్రల్, ఎర్త్ ఒకే ఒక్క చోట కలవాలి. ఆ చోటు కరెంటు పుట్టే వైపు ఉండాలి. స్తంభం కరెంటు వాడినప్పుడు అవి బయట ఎక్కడో కలిసి ఉంటాయి. బండి లోపలి బోర్డులో మాత్రం విడివిడిగా ఉండాలి. చిన్న ఇన్వర్టర్ జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ ఎర్త్‌కు కలిసి ఉండదు. దానికి బండిని కలిపితే రెండూ ఎక్కడా కలవనట్టే. పరికరాలు మామూలుగానే పనిచేస్తాయి. కానీ ఏదైనా పరికరం ఒంటికి ఫేజు తగిలితే ఆ కరెంటు తిరిగి వెళ్లడానికి దారి ఉండదు, కాబట్టి లీకేజీ బ్రేకర్ (కరెంటు దారి తప్పి ఎర్త్‌లోకి పోతే ఆపేసేది) పడదు. బండికి మంచి సర్జ్ ప్రొటెక్టర్ (లోపలికి వచ్చే కరెంటులో లోపాలు పట్టే పరికరం) ఉంటే ‘ఎర్త్ లేదు’ అని చూపించి కరెంటు లోపలికే రానివ్వదు. జనరేటర్ చెడిపోయిందని వెనక్కి ఇచ్చేసేవాళ్లలో కొందరి సమస్య అసలు ఇదే.

120 వోల్టుల బండ్లలో దీనికి వాడేది బాండింగ్ ప్లగ్. జనరేటర్‌లో ఖాళీగా ఉన్న రెండో సాకెట్‌లో, న్యూట్రల్ పిన్నునూ ఎర్త్ పిన్నునూ లోపల తీగతో కలిపిన ప్లగ్ పెడతారు. ఫేజు పిన్నుకు ఏదీ కలపరు. దీన్ని కొనుక్కోవచ్చు, ఎలక్ట్రీషియన్ చేసిస్తాడు. ఎర్ర టేపు చుట్టి ‘జనరేటర్‌కు మాత్రమే’ అని రాసి, జనరేటర్‌కే గొలుసుతో కట్టేయండి. రెండు జనరేటర్లు కలిపి వాడినా ప్లగ్ ఒకటే. మీ జనరేటర్‌లో న్యూట్రల్ ముందే ఎర్త్‌కు కలిసి ఉందేమో, తయారీదారు దీన్ని ఒప్పుకుంటాడో లేదో మాన్యువల్‌లో చూడాలి. 230 వోల్టుల వ్యవస్థల్లో, ముఖ్యంగా ప్లగ్గును ఎటు తిప్పి అయినా పెట్టగల సాకెట్లు ఉన్నచోట, ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. బండి బోర్డు లోపల న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపడం ఎవరు చెప్పినా చేయకండి. స్తంభం కరెంటుకు మారిన రోజు బండి ఒంట్లోంచి కరెంటు పారుతుంది.

పాత బండిలో ఇంకో పరీక్ష తప్పనిసరి. మెయిన్ కేబుల్ దేనికీ తగిలించకుండా, ఇన్వర్టర్ ఉంటే ఆపి, బ్రేకర్లన్నీ ఆన్‌లో ఉంచి, ప్లగ్గు న్యూట్రల్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడండి. బీప్ రాకూడదు. వస్తే బండి లోపల ఎక్కడో రెండూ కలిశాయి. మొదట గీజర్ ఎలిమెంట్‌ను అనుమానించండి, పగిలిన ఎలిమెంట్ చేసే పని ఇదే. తర్వాత బోర్డులో ఎవరో కలిపిన తీగ కోసం చూడండి. ఆపై ఎర్త్ పిన్నుకూ బండి ఛాసిస్‌లో పెయింటు గీకిన చోటుకూ మధ్య చూడండి. ఇక్కడ మాత్రం బీప్ రావాలి, నిరోధం 1 ఓమ్ లోపే ఉండాలి. రాకపోతే ఛాసిస్ ఎర్త్ తీగ తుప్పు పట్టి ఊడిపోయి ఉంటుంది.

7. పొగ

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మగత. ప్రయాణం అలసట అనుకుని పడుకునేవాళ్లే ఎక్కువ. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ పోర్టబుల్ జనరేటర్‌ను ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ వచ్చే వైపు బయటికి తిప్పి పెట్టమంటుంది. 6 మీటర్ల మాట అక్కడిదే. గోడలు పలచగా, అడుగున రంధ్రాలతో ఉండే పాత మోటర్‌హోమ్‌కు అది ఇంకా అవసరం.

గాలి వాలు చూసి పెట్టండి: బండి మీంచి వచ్చే గాలి జనరేటర్ వైపు వెళ్లాలి, అటు నుంచి ఇటు కాదు. పక్క బండి కిటికీ కూడా చూసుకోవాలి. చాలామందికి తట్టని విషయం ఇంకోటి ఉంది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను, రూఫ్ ఫ్యాను గాలిని బయటికి తోస్తున్నప్పుడు బండి లోపల కొద్దిపాటి శూన్యం ఏర్పడి, బయటి గాలి అడుగు రంధ్రాల్లోంచి లోపలికి లాగబడుతుంది. జనరేటర్ నడుస్తుండగా ఆ ఫ్యాన్లు వేయాల్సి వస్తే, జనరేటర్‌కు ఎదురు వైపు కిటికీ ఒకటి తెరిచి ఉంచండి. నిద్రపోయే ముందు జనరేటర్ ఆపేయాలి.

పాత బండిలో గోడకున్న అలారమ్‌ను తీసి వెనక తేదీ చూడండి. చాలావాటి సెన్సర్ ఆయుష్షు 5 నుంచి 10 ఏళ్లు. టెస్ట్ బటన్ నొక్కితే మోగేది బజరే; సెన్సర్ పనిచేస్తోందో లేదో దాంతో తెలియదు. వాహనాలకు పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి; యూరప్ ప్రమాణం ఈఎన్ 50291-2, అమెరికాలో యూఎల్ 2034. పడుకునే చోటికి దగ్గరగా, తయారీదారు చెప్పిన ఎత్తులో పెట్టండి. గ్యాస్ లీక్ అలారం వేరు, అది నేలకు దగ్గరగా ఉండాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు.

8. పెట్రోల్

2,000 వాట్ల తరగతి జనరేటర్ పూర్తి లోడు మీద గంటకు సుమారు 1 లీటరు, పావు లోడు మీద అందులో సగం లోపే తాగుతుంది. దాన్ని బట్టి డబ్బా ఎంతదో నిర్ణయించుకోండి. డబ్బాను బయట, ఎండ తగలని చోట, మూత బిగించి ఉంచాలి. పూర్తిగా నింపకుండా వ్యాకోచానికి చోటు వదలాలి. బంకులో డబ్బాను బండి మీద ఉంచి కాకుండా నేల మీద పెట్టి నింపించండి, స్టాటిక్ కరెంటు రవ్వ పుట్టకుండా. జనరేటర్‌లో పోసేటప్పుడు ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారే దాకా ఆగండి. బయలుదేరే ముందు పెట్రోల్ వాల్వు, ట్యాంకు మూత మీది గాలి మీట రెండూ మూయాలి. ఆ మీట మర్చిపోతే అరంతా పెట్రోల్ వాసనే.

9. మొదటిసారి నడపడం

ముందు ఆయిల్ చూడండి. కొత్త జనరేటర్లు తరచూ ఆయిల్ లేకుండానే వస్తాయి. చదునైన చోట పెట్టండి, వాలు మీద ఆయిల్ సెన్సర్ తప్పుగా గ్రహించి ఇంజిన్‌ను ఆపేస్తుంది. బండి బ్రేకర్లన్నీ ఆఫ్ చేసి, కేబుల్ తగిలించకుండా స్టార్ట్ చేసి 3 నుంచి 5 నిమిషాలు వేడెక్కనివ్వండి.

తర్వాత బాండింగ్ ప్లగ్, మెయిన్ కేబుల్, మెయిన్ బ్రేకర్, ఈ వరుసలో. లోపల ఒక సాకెట్‌లో మూడు లైట్ల టెస్టర్ పెట్టి ఫేజు, న్యూట్రల్, ఎర్త్ సరిగ్గా ఉన్నాయో చూడండి. ఇక బ్రేకర్లు ఒక్కొక్కటే వేస్తూ రండి. ఛార్జర్ మొదట వేసి దాని లోడు తగ్గే దాకా ఆగడం మంచిది. ఏసీ వేసే ముందు ఎకానమీ మోడ్ ఆపాలి; నెమ్మదిగా తిరుగుతున్న ఇంజిన్ కంప్రెసర్ మొదటి లాగుడును అందుకోలేదు. ఏసీ నడుస్తుండగా బండి లోపల వోల్టేజీ చూడండి. 120 వోల్టుల బండిలో 108 కంటే, 230 వోల్టుల బండిలో 207 కంటే కిందికి పోతే కంప్రెసర్‌కు దెబ్బ. కేబుల్ సన్నదో, ఎక్కడో కనెక్షన్ వదులో అయి ఉంటుంది. అరగంట పూర్తి లోడు మీద నడిపాక అన్నీ ఆపి, ప్లగ్గులూ అడాప్టర్లూ చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చుర్రుమంటే మార్చాలి.

లీకేజీ బ్రేకర్ వెంటనే పడిపోతే, ఆరో భాగంలో చెప్పిన న్యూట్రల్, ఎర్త్ పరీక్ష మళ్లీ చేయండి. పెద్ద చప్పుడుతో హమ్‌ చేసే పాత ఛార్జర్ ఉంటే దాన్ని మార్చే అవకాశం ఆలోచించండి. కొత్త తరం ఛార్జర్ అదే జనరేటర్ మీద బ్యాటరీని చాలా త్వరగా నింపుతుంది, పెట్రోల్ ఆ మేరకు మిగులుతుంది. జనరేటర్ మీది 12 వోల్టుల సాకెట్‌తో బండి నివాస భాగపు బ్యాటరీలు ఛార్జ్ చేద్దామని చూడకండి. అది 8 ఆంపియర్ల ప్రాంతంలో, నియంత్రణ లేని ఛార్జింగ్. రాత్రి దాకా నడిపినా పెద్ద బ్యాటరీ నిండదు.

ఆపేటప్పుడు ముందు లోడ్లు తీసేసి, ఒకటి రెండు నిమిషాలు ఖాళీగా నడిపి ఆపండి. మొదటి ఆయిల్ మార్పు దాదాపు 20 గంటలకు, తర్వాత ప్రతి 100 గంటలకు. వాడకపోయినా నెలకోసారి సగం లోడు మీద అరగంటైనా నడపాలి. అంతకంటే ఎక్కువ కాలం పక్కన పెట్టేట్టయితే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లోని పెట్రోల్ అడుగు స్క్రూ విప్పి దించేయండి. ట్రే బోల్టులు, బెల్టులు, స్లైడ్ల తాళాలు మొదటి దూర ప్రయాణం తర్వాత ఒకసారి, ఆపైన సీజన్‌కోసారి బిగించి చూసుకోండి.